రోసారియో ఎవరు?

"ఏయ్! ఆగు! ఆగమంటుంటే!"

డెలియా చేతిలో చెక్కపారతో రోడ్డుకి అడ్డంగా పరిగెత్తింది.

సైకిల్ ఆగలేదు. సముద్రం వైపు చూస్తూ తొక్కుతున్న కుర్రాడు, సగం రోడ్డు మేర ఆరబోసిన వడ్లలోకి నేరుగా వచ్చి, చక్రం జారి, సైకిల్‌కి కట్టుకున్న మూటాముల్లెతో సహా ఆ వడ్ల మీదే వెల్లకిలా పడ్డాడు.

"కళ్ళు లేవా?"

"ఉన్నాయండీ. సముద్రం మీద ఉన్నాయి."

"వడ్లు రోడ్డు మీదున్నాయి!"

"మా ఊళ్ళోనూ రోడ్డు మీదే పోస్తాం. కాకపోతే కాపలాకి ఇంత గట్టి మనిషిని పెట్టం." చొక్కాలోంచి వడ్లు దులుపుకుంటూ లేచాడు.

డెలియా నోరు తెరిచేలోపే కొండ వెనకనుంచి మబ్బు ముందుకొచ్చింది. చూరు కింద కూర్చున్న తండ్రి బెర్తో ఒక్క కేక పెట్టాడు. "వానర్రోయ్!"

ఇక తిట్టుకోవడానికి తీరికెక్కడిది? ఆ పరాయివాడు ఎవరూ అడక్కముందే గోనె సంచి అందుకున్నాడు. ఆమె పారతో కుప్ప చేస్తుంటే అతను ఎత్తి పోశాడు. బెర్తో మూతులు కట్టాడు. ఆఖరి సంచి చూరు కిందికి చేరేసరికి ముగ్గురూ నిలువునా తడిసిపోయారు.

"ఎక్కడికి బాబూ ప్రయాణం?" అడిగాడు బెర్తో.

"జాగ్నా రేవుకి, బాబాయ్. అక్కణ్ణుంచి కమిగిన్ దీవికి పడవెక్కాలి."

డెలియా పకపకా నవ్వింది. "ఏ పడవ? తుఫాను వస్తోందని పొద్దున్నే ఆపేశారు. టికెట్ కౌంటర్ మూసి బోర్డు తగిలించింది నేనే."

అలా ఎలిసియో అనే ఆ సైకిల్ మనిషి బెర్తో ఇంట్లో దిగబడ్డాడు.

గాలివాన రెండు రోజులు కదలనివ్వలేదు. అతను ఆరేళ్ళు సరుకు ఓడలో వంటవాడిగా పనిచేశాడట. ప్రపంచంలో రేవులన్నీ చూశాడు కానీ సొంత దేశపు దీవులు చూడలేదు. అందుకే ఉత్తరపు కొసనుంచి బయల్దేరి, మిండనావో దీవి దక్షిణపు కొస దాకా సైకిల్ మీదే ప్రయాణం. మధ్యలో సముద్రం అడ్డొస్తే పడవ.

"మళ్ళీ ఓడెక్కుతావా?" డెలియా ఏదో మాటవరసకి అడిగినట్టు అడిగింది.

"ఎక్కను. చిన్న భోజన హోటలు పెడతాను. ఎక్కడన్నది ఇంకా తేలలేదు."

మొదటి రోజు మధ్యాహ్నం వంటిల్లు తనకిమ్మన్నాడు. బెండకాయ, వంకాయ, కాకర వేసి, తన మూటలోంచి చేపల ఊరగాయ సీసా తీసి గరిటెడు గుమ్మరించాడు. బెర్తో అక్క ఈసింగ్ ముక్కు మూసుకుంది.

"ఇదేం కంపురా నాయనా! బతికున్నవాళ్ళు తినేదేనా?"

"ఒక్క ముద్ద తినండి పెద్దమ్మా. తర్వాత తిట్టండి."

ఆవిడ తిన్నది. తిట్టలేదు. గిన్నె తన వైపు జరుపుకుంది.

డెలియాకి ఆ రెండు రోజులూ కారణం లేకుండానే నవ్వొచ్చింది. వాన చప్పుడులో మాట వినపడలేదని అతను దగ్గరికి జరగడం, వినపడినా వినపడలేదని ఆమె అనడం, ఈసింగ్ అత్త ఊరికే దగ్గడం. బాగానే ఉంది. రెండో రోజు సాయంత్రం దాకా.

వసారాలో అతను సైకిల్ తుడుస్తున్నాడు. నీలం రంగు గొట్టం మీద ఎర్రటి అక్షరాలతో 'రోసారియో' అని రాసి ఉంది.

"ఎవరు రాశారు?" అంది డెలియా.

"నేనే. రోసారియోని వదిలొచ్చి రెండు నెలలైంది. రోజూ గుర్తొస్తుంది."

డెలియా ఒక ఎర్రటి అక్షరాన్ని గోటితో గీకింది. "అందంగా ఉంటుందా?"

"నా కంటికి అందమే. కాస్త గోలెక్కువ. అయినా పుట్టినప్పట్నుంచీ అలవాటు కదా!"

"చిన్నప్పటి స్నేహమన్నమాట."

"అలాగే అనుకో," అని అతను చక్రం తిప్పి చూసుకున్నాడు.

ఆ పూట అతని పళ్ళెంలో అన్నం చల్లగా పడింది. కూర మూలకి పడింది. ఎందుకో అతనికి అర్థం కాలేదు. అడిగితే, "వినపడలేదు," అంది డెలియా. ఈసారి వాన లేదు.

బుధవారం పొద్దున్నే రేవు తెరిచారు. కౌంటర్ ముందు పెద్ద వరస. డెలియా తలొంచుకుని ప్రయాణికుల పట్టీ నింపుతోంది. గాజుకి అవతల ఎలిసియో సైకిల్‌తో వచ్చి నిలబడ్డాడు.

"పేరు?"

"నీకు తెలుసుగా!"

"పేరు?"

"ఎలిసియో దుమ్లావ్."

"వయసు?"

"ఇరవై తొమ్మిది. నిన్నటి నుంచీ నామీద కోపం ఎందుకో చెప్తావా?"

"చిరునామా?"

"రోసారియో."

పెన్ను ఆగింది. డెలియా తలెత్తింది. "నేనడిగింది ఊరు. ఆవిడ పేరు కాదు."

"ఏ ఆవిడ?"

"గోలెక్కువన్నావే, ఆవిడ!"

ఎలిసియో ఆమెను చూశాడు. సైకిల్ మీద పేరు చూశాడు. తర్వాత గాజు అద్దానికి నుదురు ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. "ఊరే తల్లీ! లా యూనియన్ జిల్లాలో రోసారియో. హైవే మీదుంటుంది. పొద్దస్తమానం బస్సుల గోల!"

"అబద్ధం."

వెనక పుంజుని చంకలో పెట్టుకుని నిలబడ్డ ముసలాయన ముందుకు వంగాడు. "అబద్ధం కాదమ్మాయ్. అది ఊరే. మా తమ్ముడు అక్కడ పనిచేశాడు. త్వరగా టికెట్టివ్వు, నా పుంజుకి ఊపిరాడట్లేదు."

డెలియా చెవుల దాకా ఎర్రబడింది. ఎలిసియో నవ్వు ఆపి, గాజులో ఉన్న చిన్న కంత దగ్గరికి వంగాడు. "టికెట్ వద్దు. నేనిక్కడే ఉండిపోతాను."

"పిచ్చి మాటలాడకు. రెండు నెలలు తొక్కి, చివర్లో నా మూలాన ఆగిపోయావంటే జీవితమంతా నన్నే దెప్పుతావు."

"జీవితమంతానా?" అన్నాడతను.

తన నోటినుంచి ఏం జారిందో డెలియాకి అప్పుడు తెలిసింది. వరస మొత్తం గొల్లుమంది. పుంజు కూడా కూసింది.

ఆమె గబగబా టికెట్ చింపి కంతలోంచి తోసింది. "వెళ్ళు. ముందు వెళ్ళు."

"నీకు సెలవెప్పుడు?"

"ఆదివారం."

"కమిగిన్ చుట్టూ రోడ్డు అరవై నాలుగు కిలోమీటర్లు. ఆదివారం దాకా తిరుగుతూనే ఉంటాను. ఆ తర్వాతే మిండనావో." టికెట్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గురువారం కబురు లేదు. శుక్రవారమూ లేదు. తుఫానుకి కమిగిన్‌లో ఫోన్ టవర్లు పడిపోయాయని అందరూ అంటున్నారు. అయినా డెలియా మనసు ఊరుకోలేదు. రేవులో పనిచేసే పిల్లకి వెళ్ళేవాళ్ళ మాటలు కొత్త కాదు. మళ్ళీ వస్తామని చెయ్యూపి పడవెక్కినవాళ్ళని నాలుగేళ్ళుగా చూస్తోంది. తిరిగొచ్చినవాళ్ళు బహు కొద్దిమంది.

శనివారం తండ్రి దగ్గర కూర్చుంది. "నాన్నా, అక్కడ లేకపోతే?"

బెర్తో వల అల్లుతూ తలెత్తలేదు. "లేకపోతే లాన్సోనెస్ పళ్ళు కొనుక్కురా. ఇప్పుడు అక్కడ కాపు బాగుంటుంది."

"ఉంటే?"

"ఉంటే కూడా కొనుక్కురా." వల ముడి బిగించి అన్నాడు, "వాడు సంచులెత్తేటప్పుడు చూశాను. బరువైనవి నాకు వదల్లేదు. వెళ్ళిరా అమ్మా. అత్తని తోడు తీసుకెళ్ళు."

ఆదివారం డెలియా తన పేరు తనే పట్టీలో రాసుకుంది. నాలుగేళ్ళు టికెట్లు అమ్మింది కానీ ఆ పడవ ఎక్కడం అదే మొదటిసారి. మూడు గంటలూ ఈసింగ్ అత్త కళ్ళు మూసుకుని జపమాల తిప్పింది. డెలియా కళ్ళు మాత్రం ఎదురుగా పెరుగుతున్న కొండ మీదే ఉన్నాయి.

రేవు దిగగానే పళ్ళ బుట్టల ముందు కూర్చున్న లావుపాటి ఆవిడ ఎగాదిగా చూసింది. "నువ్వేనా జాగ్నా టికెట్ అమ్మాయివి?"

"మీకెలా తెలుసు?"

"దీవి మొత్తానికీ తెలుసు. మూడు రోజుల్లో మూడు చుట్లు తిరిగాడు. పొద్దున నాలుగోది మొదలుపెట్టాడు. వచ్చినప్పుడల్లా ఇక్కడాగి, జాగ్నా పడవొచ్చిందా అని ఒకటే ప్రాణం తియ్యడం! ఇవాళ ఆదివారమే కదా, కుదురుగా కూర్చోరాదా అంటే, కూర్చుంటే భయమేస్తోంది పిన్నీ అన్నాడు."

డెలియా మలుపు వైపు చూసింది. ఆవిడ ఒక పండు ఒలిచి చేతిలో పెట్టింది. "తిను. వస్తాడు."

పండు సగం తిన్నదో లేదో మలుపులో గంట మోగింది. నల్లగా కమిలిపోయిన ముఖం, ముక్కు మీద ఊడుతున్న తోలు, చెవుల దాకా నవ్వు. ఎలిసియో సైకిల్ దిగడం కూడా మర్చిపోయి అలాగే ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"వచ్చావా?"

"పళ్ళు కొనుక్కోడానికి వచ్చాను."

"అవునవును," అంది ఈసింగ్ అత్త. "నేను కూడా పళ్ళ కోసమే కడుపులో ఉన్నదంతా సముద్రంలో కక్కుకుంటూ వచ్చాను. ఒరే అబ్బాయ్, నీ రోడ్డు పూర్తయ్యాక మా ఇంటికి రా. మీ పెద్దవాళ్ళని తీసుకుని రా. మా జాగ్నాలో మంచి భోజన హోటలు ఒక్కటీ లేదు."

"రెండు వారాల్లో వస్తాను పెద్దమ్మా," అన్నాడు ఎలిసియో. ఆశీర్వాదం కోసం ఆవిడ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

పళ్ళావిడ తన కూతురి సైకిల్ తెచ్చి డెలియా ముందు నిలబెట్టింది. డెలియా ఎక్కి కాసేపు తడబడింది. అత్త కిరాయికి ట్రైసికిల్ బండి మాట్లాడుకుని వెనకే తయారైంది.

"ఎటు వెళ్దాం?" అంది డెలియా.

"ఈ దీవిలో ఎటు వెళ్ళినా మళ్ళీ ఇక్కడికే వస్తాం."

"తిరుగు పడవ నాలుగింటికి."

"అయితే త్వరగా తొక్కాలి."

"వద్దు," అంది డెలియా. "మెల్లగానే తొక్కు."