వాగు పక్కన ఇద్దరు జెత్రోలు

"ఆ పుస్తకం నేను ముందు చూశాను," అంది ఓపల్.

"చూడటం వేరు, పట్టుకోవటం వేరు," అన్నాడు వెండెల్, పట్టు వదలకుండా.

కోర్టు వెనకగదిలో, పాత భూముల దస్తావేజుల మధ్య, దూడంత బరువున్న ఆ పుస్తకాన్ని చెరో వైపు పట్టుకుని నిలబడ్డారిద్దరూ. వర్జీనియా కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో దాన్ని ఎప్పుడో ఒకరు తెరిస్తే గొప్ప. కానీ ఆ జూలైకి అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల ఏళ్ళు. ఊరందరికీ తాతల పిచ్చి పట్టుకుంది.

"మీరు బళ్ళో చరిత్ర చెప్పే టీగ్ మాస్టారు కదూ? పిల్లలకు పంచుకోవటం నేర్పరా?"

వెండెల్‌కు నవ్వొచ్చింది. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, పక్కన ఇంకో కుర్చీ వేశాడు.

ఓపల్ గెంట్రీ మందుల షాపులో పనిచేస్తుంది. వాళ్ళ అమ్మమ్మ జెల్మాకి తొంభై ఏళ్ళు. ఆమె పుట్టింటివాళ్ళు రాట్లిఫ్‌లు. స్వాతంత్ర్యం కోసం ఇంగ్లండు రాజు సైన్యంతో పోరాడిన జెత్రో రాట్లిఫ్ తమ మూలపురుషుడని చెప్పుకోవటమే ఆమె జీవితంలో పెద్ద సంబరం. జూలై నాలుగున అలాంటి సైనికుల వారసుల్ని బండెక్కించి ఊరేగిస్తారట. కమిటీ వాళ్ళు రుజువు అడిగారు.

తన వంశం టీగుల కోసం వచ్చిన వెండెల్, వాళ్ళని గాలికొదిలేసి రాట్లిఫ్‌ల వెంటపడ్డాడు.

"ఇదేంటి? పొలం హద్దు 'మేక నుంచి తెల్ల ఓక్ చెట్టు దాకా' అని రాశాడు!"

"మేక కాదు మహాతల్లీ, వాగు. 'గట్' అన్న ఇంగ్లీషు మాట 'గోట్'లా కనిపిస్తోంది, పాత రాత అంతే."

"మేకయినా బాగుండేది. హద్దు రోజుకో చోట ఉండేది," అని పకపకా నవ్వింది ఓపల్. ఆ నవ్వు కోసమే అతను శనివారాల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు.

ఓ సాయంత్రం ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. ఇద్దరూ ఒకే కోటు నెత్తిన కప్పుకుని పరుగెత్తారు. సగం దారిలో ఓపల్ ఆగిపోయింది. "ఎటూ తడిశాం కదా, ఇంకెందుకు పరుగు?" అంది. ఆ వానలోనే అతను ఆమెను ముద్దు పెట్టుకున్నాడు.

తరవాతి శనివారం అతని మొహం వాడిపోయి ఉంది.

"యుద్ధానికెళ్ళిన జెత్రో అక్కడే చనిపోయాడు ఓపల్. పెళ్ళి కాలేదు. పొలం తమ్ముడికి పోయింది. మీ జెత్రో యుద్ధమయ్యాక పెన్సిల్వేనియా నుంచి వచ్చి, ఆ వాగు పక్కనే భూమి కొన్నాడు. పేరొకటే, మనుషులు వేరు."

ఓపల్ పుస్తకం మూసింది. "ఊరేగింపు అయ్యేదాకా ఈ మాట బయటికి రానివ్వకు. తరవాత నేనే మెల్లిగా చెప్తాను. మాటివ్వు."

ఇచ్చాడు.

ఆదివారం వెండెల్ ఓపల్ వాళ్ళింటికి వెళ్ళాడు. వసారాలో జెల్మా ఊరేగింపు కోసం భుజం మీద వేసుకునే నీలంరంగు పట్టీ కుట్టుకుంటోంది. ఓపల్ లోపల పీచ్ పండ్లు నింపి కాల్చిన తీపిరొట్టె కోస్తోంది.

"ఏం అబ్బాయ్, ఆయన మావాడేనని తేలిందా?"

'ఇంకా చూస్తున్నానండీ' అంటే సరిపోయేది. కానీ పెద్దావిడకు నిజం చెప్పటమే మర్యాద అనుకున్నాడు. తానే కనిపెట్టానన్న గర్వం కూడా లోపలెక్కడో ఉంది. అంతా చెప్పేశాడు.

సూది ఆగింది. "అలాగా," అంది జెల్మా. "మరి మావాడెవరు?" అని అడిగింది.

"భూమి కొన్నాడని తప్ప ఇంకేం తెలీదండీ."

ఆమె పట్టీ మడిచి పక్కన పెట్టేసింది. గుమ్మంలో ఓపల్, చేతిలో పళ్ళేలు.

"మాటిచ్చావ్."

"ఆవిడే అడిగారు. అబద్ధం ఎలా చెప్పను?"

"నీకు అబద్ధం చెప్పటం రాదు. నోరు మూసుకోవటమూ రాదు. వెళ్ళు వెండెల్."

జెల్మా ఊరేగింపు బండెక్కలేదు. వీధిలోకి కూడా రాలేదు. ఆకులు రాలే వేళ, నిద్రలోనే పోయింది. చర్చిలో వెండెల్ వెనక వరసలో నిలబడ్డాడు. ఓపల్ అటు తిరగనైనా తిరగలేదు.

ఆ చలికాలమంతా అతన్ని తొలిచింది నిజం చెప్పటం కాదు. తొంభై ఏళ్ళావిడ దగ్గర ఉన్న ఒక్క తాతనూ లాక్కుని, ఆ చోటు ఖాళీగా వదిలేశాడు. 'మరి మావాడెవరు?' ఆ ప్రశ్న కోసం ప్రతి శనివారం ఆ గదికి వెళ్ళాడు.

వసంతంలో ఓపల్ తనే వచ్చింది. కూర్చోలేదు. "ఇంకా మావాళ్ళనే వెతుకుతున్నావట. ఏం దొరికింది?"

"మీ జెత్రో కమ్మరి. ఈ రాళ్ళనేలతో విసిగిపోయి, పొలం అమ్మేసి కెంటకీ పోదామనుకున్నాడు. కానీ అప్పట్లో భార్య కూడా ఒప్పుకోవాలి. మొగుడు లేని చోట కోర్టువాళ్ళు ఆమెను విడిగా అడిగేవారు, ఇష్టపూర్వకంగానేనా అని. ఆమె పేరు టామ్సిన్. 'కాదు' అంది. అమ్మకం ఆగిపోయింది. మీరంతా ఇక్కడున్నది ఆమె వల్లే."

ఓపల్ నవ్వింది. నవ్వుతూనే కుర్చీలో కూలబడి ఏడ్చింది. "అచ్చం మా అమ్మమ్మే. తాతయ్య ఫ్లోరిడా పోదామంటే చీపురు తీసింది. ఎప్పుడు దొరికింది ఇది?"

"ఫిబ్రవరిలో. ఆ రోజు నోరు మూసుకుని ఇంకొంచెం వెతికి ఉంటే, ఆవిడకి చెప్పటానికి నా దగ్గర ఇది ఉండేది."

"అవును," అంది ఓపల్.

"ఇక్కడ ఇంకెవరూ లేరు, బలవంతమూ లేదు," అన్నాడతను. "నన్ను క్షమించగలవా?"

"ఇష్టపూర్వకంగా ఇంకా లేదు." కళ్ళు తుడుచుకుంది. "ఆదివారం భోజనానికి రా. ఇది అమ్మకి నువ్వే చెప్పాలి. అప్పుడు మళ్ళీ అడుగు."

ఆదివారం చెప్పాడు. జెత్రో మొహం వేలాడేసుకుని కొలిమికి తిరిగెళ్ళిన ఘట్టం దగ్గర వాళ్ళమ్మ కడుపుబ్బ నవ్వింది. భోజనాలయ్యాక వసారాలో ఓపల్‌ను మళ్ళీ అడిగాడు.

"ఊఁ," అందామె. అతని వేళ్ళలో వేళ్ళు కలిపింది.

అక్కడ జెల్మా ఊగుడు కుర్చీ ఖాళీగా ఉంది. ఇద్దరూ దాన్ని దాటుకుని వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.