ఐదో రోజు వీచిన గాలి

"నాలుగు రోజులు కాదండీ, పదకొండు," అన్నాడు లోరెంజ్.

ఇమ్కెకు ఒళ్ళు మండింది. గాలిమరలూ సోలార్ పలకలూ కలిసి వరసగా ఎన్ని రోజులు పడకేస్తాయో, ముప్పై ఏళ్ళ వాతావరణం తిరగేసి గంట గంటకూ కొలిచి తను రాసిన రిపోర్టు అది. నిన్నగాక మొన్న దక్షిణాన బవేరియా కొండలు దిగి వచ్చి ఆఫీసులో చేరినవాడు, సముద్రపు గాలి సంగతి తనకు చెప్పడమా!

"మీ కొండల్లో నాలుగుని పదకొండంటారేమో!"

"కోప్పడకండి. ఐదో రోజు చూడండి. ఒక్క గంట గాలి వీచింది. మీరు అక్కడే గీత గీసేశారు. ఆ తర్వాత ఆరు రోజుల పొగమంచుని వేరే లెక్కలో వేశారు."

"గాలి వీచిందిగా మరి!"

"ఆ గంటలో ఎంత కరెంటు నిల్వ చేయగలిగేవాళ్ళు?"

ఇమ్కె ఆ గంట అంకెలు మళ్ళీ చూసింది. దాదాపు ఏమీ లేదు. పాత గ్యాస్ కేంద్రం మూసేసి, నాలుగు రోజుల నిల్వతో చలికాలం గట్టెక్కాలని ఊరి సభ రేపే తీర్మానించబోతోంది. ఐదో రోజు ఆసుపత్రి ఏం కావాలి?

"తప్పు నాదని చెప్తాను," అన్నాడతను. "కొత్తవాణ్ణి కదా, నాలుగు తిట్టి ఊరుకుంటారు."

"నా తప్పు మీరెందుకు మోయాలి?"

అతను కాగితాలు సర్దుకుని లేచిపోయాడు.

మర్నాడు సభలో ఇమ్కె తనే లేచింది. చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళంతా చూస్తుంటే రిపోర్టు తెరిచి పట్టుకుంది. "ఒక్క గంట గాలిని నమ్మి పొరపాటు చేశాను. నాలుగు కాదు, పదకొండు రోజులకు నిల్వ కావాలి," అంది.

ముసలి మేయర్ ఒన్నో కళ్ళజోడు తీశాడు. "జనవరిలో చెప్పుంటే ఏడ్చేవాళ్ళం. ఇప్పుడే చెప్పి బతికించావమ్మాయ్." తీర్మానం వాయిదా పడింది.

సభ అయ్యాక, హాలుకు ఎదురుగా ఉన్న టీ కొట్లో ఇద్దరూ కూర్చున్నారు. మొదటి కప్పు కాగానే లోరెంజ్ చెంచా కప్పులో పెట్టేశాడు. ఇమ్కె ముఖం వాడిపోయింది.

"వెళ్ళిపోతారా?"

"లేదే! ఎందుకలా అడిగారు?"

"మా వైపు చెంచా కప్పులో పెడితే ఇక చాలు, వెళ్తానని అర్థం."

అతను గబుక్కున చెంచా తీసేశాడు. "నాకు చాలదు. నిన్న మీరు అడిగారే, ఎందుకు మోయాలని. మీరు తలొంచుకుని నిలబడితే నేను చూడలేను, అందుకు."

ఇమ్కెకు కళ్ళు చెమర్చాయి. ఇంత ప్రేమను తనెలా గమనించలేదో ఆమెకే తెలియలేదు. రెండో కప్పు నింపి అతని ముందుకు జరిపింది.

"ఇక నా తప్పులు మోయనక్కర్లేదు లోరెంజ్. పక్కన నిలబడు, చాలు."