పాత గంటకే తెరుచుకునే తలుపు

తన మాట నమ్మినవాడు తన మాట వల్లే చస్తాడేమోనన్నది ఘిజ్లాన్‌కు అన్నిటికన్నా పెద్ద భయం. అందుకే ఈ మిషన్ తనకొద్దంది. చీఫ్ వినలేదు.

"కాసాబ్లాంకా రేవు. చేపల కోల్డ్ స్టోరేజీ. లోపలి గదిలో ఒక నోట్‌బుక్కు, అందులో మనకు సమాచారమిచ్చే నలభై మంది పేర్లు. ఎనిమిదింటి ఓడలో ముఠా దాన్ని దాటించేస్తుంది. తాళం నంబరు గంటగంటకీ మారుతుంది. ఆ నంబరు చెప్పే ప్రోగ్రాం ముప్పై ఏడేళ్ళ నాటి కంప్యూటర్‌ది. కంప్యూటర్ పోయింది. ప్రోగ్రామున్న క్యాసెట్టుంది, పాత కంప్యూటర్ల దుకాణం నడిపే నువ్వున్నావు."

రంజాన్ ఐదో రోజు సాయంత్రం ఘిజ్లాన్ రేవు గేటు ఎదుట షెబ్బాకియా మిఠాయిలమ్మే మనిషి వేషంలో కూర్చుంది. తట్ట కింద లాప్‌టాప్. అందులో ఆ పాత యంత్రంలా నటించే ఎమ్యులేటర్. తలగుడ్డ కింద ఇయర్‌పీస్. ఏడాది పాపను పొరుగింట్లో వదిలొచ్చింది. పక్కనే బేరమాడుతున్నట్టు నెజ్వా నిలబడింది. గూఢచారి సంస్థలో సీనియర్ ఏజెంట్, ఆమె చెవిలోనూ ఇయర్‌పీస్. పట్టు జెల్లాబా అంగీ, నల్లకళ్ళద్దాలు, వీధి మొదట్లోకే వచ్చే అత్తరు వాసన.

ఆరూ నలభైకి ఉపవాసం విడిచే సైరన్ మోగింది. కాపలావాళ్ళు సూపు గిన్నెల మీద పడ్డారు. పదిహేను నిమిషాలు గేటుకి దేవుడే దిక్కు. వాళ్ళ కుర్ర ఏజెంట్ ఇద్దర్ మారుతాళంతో బయటి తలుపు తీసి లోపలి తలుపు చేరుకున్నాడు. నంబరు మూడుసార్లు తప్పితే రెండు తలుపులూ బిగుసుకుంటాయి. మధ్యలో మైనస్ ఇరవై డిగ్రీలు.

"మిఠాయి తీపిగా ఉందా అక్కా?" ఇయర్‌పీస్‌లో ఇద్దర్ కోడ్ మాట.

"తేనె కారుతోంది. రాసుకో." ఆరంకెలు చదివింది.

"ఎర్ర లైటు."

ఘిజ్లాన్ తట్ట కిందికి వంగింది. నంబరు కోసం ప్రోగ్రాంకి ఇచ్చే రహస్య పదం తెరమీద చుక్కలుగానే పడుతుంది, ఏం కొట్టిందో కనబడదు. వేళ్ళకేసి చూసుకుంది. తను అలవాటుపడ్డ దుకాణం కీబోర్డు వేరు. ఈ లాప్‌టాప్‌ది ఫ్రెంచి వరస. తను 'ఏ' నొక్కితే పాత యంత్రం 'క్యూ' అనుకుంటోంది. మీటలు మార్చి కొట్టింది. కొత్త నంబరొచ్చింది.

"మళ్ళీ ఎర్రదే. అక్కా, ఇక్కడ సార్డీన్ చేపలు నన్ను మేనల్లుడిలా చూస్తున్నాయి. కాస్త తొందరగా."

"అదే నంబరు మళ్ళీ చెప్పు," అంది నెజ్వా నెమ్మదిగా. "చలికి వేళ్ళు కొంకర్లు పోయి తప్పు నొక్కి ఉంటాడు."

ఘిజ్లాన్ నోటిదాకా వచ్చింది ఆ నంబరు. ఆగిపోయింది. ఫోన్ తీసి బూజెమాకు కొట్టింది. ఆ ప్రోగ్రాం రాసిన ముసలాయన. క్యాసెట్టిచ్చింది ఆయనే.

"ఇప్పుడు ఫోన్లెందుకు తల్లీ," అంటూ నెజ్వా ఆమె మణికట్టు పట్టుకుంది. ఘిజ్లాన్ విదిలించుకుంది.

"సూపు చల్లారిపోతోంది, తొందరగా చెప్పమ్మాయీ," అన్నాడు బూజెమా. విన్నాక అడిగాడు: "నీ పెట్టె ఏ గంటలో ఉంది? పాతదా, కొత్తదా?"

ఊళ్ళో పెళ్ళి పిలుపుకైనా అడిగే ప్రశ్నే. గడియారాలు గంట ముందుకు జరిపి దేశమంతా కొత్త గంటకు మారినా తాళం మాత్రం పాత గంటనే పట్టుకు వేలాడుతోంది. అందుకే పోయిన నెల దుకాణం కంప్యూటర్లో ఉన్న ఎమ్యులేటర్‌లో 'ఒక గంట తగ్గించు' అని పెట్టింది ఘిజ్లాన్. అప్పుడు, నోట్‌బుక్కు ఇంకా ఇక్కడికి చేరకముందు, ఇద్దర్ పరీక్షగా తీస్తే తలుపు తెరుచుకుంది కూడా. ఆ సెట్టింగులే లాప్‌టాప్‌లోకి దించుకుంది. కానీ ఏటా జరిగేట్టే రంజాన్ నెలకని దేశమే పాత గంటకు దిగొచ్చింది. లాప్‌టాప్ తనంతట తాను గంట వెనక్కి జరిగింది, దాని మీద తన సెట్టింగు ఇంకో గంట కోసేసింది.

తప్పు తనదే. ఒకటి చెరిపి సున్నా పెట్టింది. కాపలావాళ్ళు గిన్నెలు కడుగుతున్నారు.

"ఇద్దర్, ఇదే ఆఖరిది. ఒక్కో అంకే నొక్కు."

ఇయర్‌పీస్‌లో ఆరుసార్లు మీట చప్పుడైంది.

"పచ్చ లైటు," అన్నాడు ఇద్దర్. ఆ తర్వాత కాగితాల చప్పుడు. "అక్కా, ముఠా చేతికి చేరేదాకా ఈ నోట్‌బుక్కు పుచ్చుకున్నవాళ్ళ సంతకాలున్నాయి ఇందులో. మొదటిది నెజ్వాది."

ఘిజ్లాన్ తలతిప్పేసరికి అత్తరు వాసనే మిగిలింది. తట్ట మీద పెట్టిన ఫోను కూడా లేదు. అందులో బూజెమా నంబరుంది, చిరునామా ఉంది.

ఎనిమిదింటికి ఓడ ఆ నోట్‌బుక్కు లేకుండానే కదిలింది. వచ్చిన దారినే బయటపడ్డ ఇద్దర్ దుప్పటి కప్పుకుని మూడో గ్లాసు టీ తాగుతున్నాడు. ఘిజ్లాన్ పాపను తెచ్చుకుని, చీఫ్ దాచమన్న చోట దాక్కుంది. గడప దాటొద్దన్నారు. ఆఫీసులో నెజ్వా మనుషులెందరో తేలేదాకా బూజెమా దగ్గరికి ఎవరినీ పంపడానికి లేదు.

అందుకని మీలో ఎవరైనా కాసాబ్లాంకాలో రోష్ నువార్ పేట వైపు వెళ్తే, రొట్టెల బట్టీ పైన మూడో అంతస్తులో నీలం తలుపు. బూజెమా ఎలా ఉన్నాడో ఒకసారి చూసి రండి. బెల్లు పనిచెయ్యదు, గట్టిగా తట్టండి. లోపలికి రమ్మంటే మాత్రం టైమెంతయిందని అడగకండి, పాతదా కొత్తదా అంటూ పొద్దుపోయేదాకా వదలడు.