నూతి గుమ్మం తాడు

ఆ ఉదయం జగ్గమ్మ చెయ్యి చాచిన చోట తాడు లేదు. ఇంకో అరడుగు వేసి ఉంటే నూతి మెట్ల మీంచి దొర్లిపోయేది.

గోడకు చేరబడి ఊపిరి కూడదీసుకుంది. చూపు పోయి రెండేళ్లు. వడ్రంగి పని చేసే కొడుకు కొండబాబు, నెల్లిమర్లలోని ఆ పెంకుటింటిని ఆమె చేతులకూ కాళ్లకూ తెలిసేలా రెండు నెలల కిందట మార్చాడు. వంటింటి దారిలో నున్నటి వెదురుబద్ద, పడకగది గుమ్మంలో కొబ్బరిపీచు పట్టా, నూతి వైపు గోగునార తాడు, దానికి మెట్ల ముందు మూడు ముడులు.

"ఎదురుబద్ద నున్నగుంటాది, గోగునార గరుకుగుంటాది. ఏది ఎక్కడుందో నీ సెయ్యే నీకు సెప్తాదమ్మా" అన్నాడు.

అప్పట్నుంచి జగ్గమ్మ ఎవరినీ పిలవకుండా తిరుగుతోంది.

సంగతి తెలియగానే కొండబాబు భార్య మీద విరుచుకుపడ్డాడు. "నీ పనే! ఇల్లు గోనెల కొట్టులాగున్నాదని సణిగింది నువ్వే కదేటి?"

"సణిగినాను. అయితే అత్తని నూతిలోకి తోసెస్తానేటి?" చిన్నతల్లి తాడు చుట్ట తెచ్చి ముందు పెట్టింది. "బియ్యం డబ్బా ఎనకాల దొరికింది. ఇదిగో, సూడు!"

"ఇలాగియ్యే" అంది జగ్గమ్మ.

వేళ్లతో తడిమింది. ఎక్కడా కోత లేదు. ముడులన్నీ ఓపిగ్గా విప్పి, అరచేతికీ మోచేతికీ మధ్య చుట్టి, కొస లోపలికి దోపి ఉంది. జూటు మిల్లులో పనిచేసినవాడు తాడు కొయ్యడు. ఈ ఇంట్లో మిల్లు మనిషి ఒక్కడే.

"దాన్ని ఏటీ అనకురా, కొండా" అని అరుగు వైపు తిరిగింది. "మావా, బీడీ వాసన రాడంనేదు. ఆర్పేసినావా? ఇటు రా."

ఆమె మొగుడు అప్పలసూరి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. జగ్గమ్మ అతని చెయ్యి వెతికి పట్టుకుంది. ముప్పై ఏళ్ల నార ఆ అరచేతిలోనే ఉంది, తాడు కన్నా గరుకుగా.

"నేనేనే ఇప్పీసినాను" అన్నాడతను. "మిల్లోలు ఇంటికి పంపించీసినాక నన్ను పిలిసీవోలు ఇంకెవులున్నారు? నూతికాడికెల్తే 'మావా' అని నువ్వొక్కర్తివే పిలిసీదానివి. తాడొచ్చినకాణ్నుంచి ఒక్కపాలీ పిలవనేదు. తాడు నేకపోతే పిలుస్తావనుకున్నాను. పిలవకుండా అడుగేసెస్తావనుకోనేదే. నేనక్కడే ఉన్నాను, గుమ్మం పక్కనే, సెయ్యి సాపుకుని... ముడులు మల్లీ నేనే ఏస్తాను. ఈ సెయ్యి మాత్రం అప్పుడే ఒదిలీకు."