కోపానికి సొంత ఊరు

"ఇంట్లో ఎలా అడుగుతారో అలాగే అడగండమ్మా," అంది డాక్టర్ నీలవేణి.

మాబున్ని గొంతు సవరించుకుంది. ఎదురుగా కుర్చీలో భర్త అంబర్. అతని ముంజేతికి కొన్నాళ్ల కిందట డాక్టరమ్మ కట్టిన నల్లటి పట్టీ.

"యాడి నుంచి వస్తాండారు?"

అంతే. అంబర్ దవడలు బిగుసుకున్నాయి. పట్టీ మీద ఎర్రదీపం వెలిగింది.

మీరే చెప్పండి, ఇంత చిన్న మాటకు అంత కోపమా? మాబున్ని నంద్యాల దూదేకుల ఇంటి పిల్ల. గడప దాటి వచ్చినవాడి చేతికి నీళ్ల చెంబిచ్చి ఆ మాట అడగడం ఆమె పుట్టింటి మర్యాద. హైదరాబాద్‌లో సిటీ బస్సు డ్రైవరుగా చేరినప్పటి నుంచీ అంబర్ ఆ మాట వింటే చాలు, చెంబు విసిరికొడుతున్నాడు. తండ్రి అడుగుల చప్పుడైతే కూతురు షమీమ్ పక్కగదిలో దాక్కుంటోంది. చెప్పుకోలేని చోటు నుంచి వస్తేనే కదా అంత ఉడుకు! ఇంకో ఆడది ఉంది. ఇవాళ తేలిపోతే సాయంత్రం బస్సుకే పుట్టింటికి. బట్టల సంచి ఒళ్లోనే ఉంది.

ఆ పట్టీ పేరు మూలసూచి. కోపం వస్తే గుండె కొట్టుకునే తీరు మారుతుంది, చెమట పట్టే తీరు మారుతుంది. ఒక్కో కోపానికి ఒక్కో దస్తూరీ అన్నమాట. కొన్నాళ్లు చేతికుంటే చాలు, ప్రతి కోపాన్నీ, అది పుట్టిన చోటునీ, అప్పుడు వినబడిన మాటనీ పట్టీ దాచుకుంటుంది. ఇంట్లో కోపం లేచిందా, అదే దస్తూరీ అంతకుముందు ఎక్కడ పడిందో వెతికి చూపిస్తుంది; ఎక్కడా పడకపోతే, ఇప్పుడు పుట్టిన చోటే చూపిస్తుంది.

స్క్రీన్ మీద వచ్చింది: మెహదీపట్నం బస్‌స్టాప్.

"ఎవతె ఉండాది ఆడ?" మాబున్ని లేచి నిలబడింది.

నీలవేణి మీట నొక్కింది. ఎవరో పెద్దాయన గొంతు: "ఏ దేశం నుంచి బాబూ? తెలుగు భలే నేర్చుకున్నావే!"

ఇంకో చోటు, కుర్రగొంతు: "అరే, ఆఫ్రికావోడు బస్సు నడుపుతుండు! ఏడికెల్లి దిగిండ్రా?"

ఇంకో చోటు, కరకు గొంతు: "పాస్‌పోర్ట్ తియ్."

అంబర్ తల దించుకున్నాడు. నిజాం అశ్వదళంలో కొలువుకని ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల వంశం అతనిది. ముత్తాత కూడా ఇక్కడే, హైదరాబాద్ ఏసీ గార్డ్స్ బస్తీలోనే పుట్టాడు.

"నాకెందుకు చెప్పల్యా?"

"ఏమని చెప్పాలె మాబూ? నా ఊళ్లె నన్నే ఏ ఊరని అడుగుతున్నరనా?"

"ఆ ప్రశ్న ఇంట్లో మానేయండి," అంది నీలవేణి.

"నేను మానుతా. బస్సులో అడిగేవాళ్లకు ఎవరు చెప్తారు డాక్టరమ్మా?"

"వాళ్లు నా దగ్గరికి రారు కదమ్మా."

మాబున్ని మాట తప్పలేదు. చెంబు ఇస్తుంది, నోరు మెదపదు. ఇంట్లో అరుపుల్లేవు. షమీమ్ ముందుగదిలోనే చదువుకుంటోంది. ఆ పైవాడు కరుణించాడనుకుంది మాబున్ని.

ఒక సాయంత్రం అంబర్ బాగా ఆలస్యంగా వచ్చాడు. చెంబు అందుకున్నాడు, తాగలేదు. భార్య ముఖంలోకి అనుమానంగా చూశాడు.

"అడుగుతలేవేంది?"

"డాక్టరమ్మ వద్దనింది కదా."

"అంటే నేను ఏడ తిరిగొచ్చినా నీకు రంది లేదన్నట్టే! నీ మనసుల ఏమున్నదసలు?"

చెంబు ఎగిరి గోడకు తగిలింది. ఇంకా చేతికే ఉన్న పట్టీ వెలిగింది. షమీమ్ పరుగున వచ్చి పట్టీ మీది అక్షరాలు చదివింది.

"అబ్బాజాన్, బస్‌స్టాప్ కాదు! 'ఇల్లు' అని చూపిస్తోంది!"

మాబున్నికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "అల్లా దయ! ఇది బయటోళ్ల కోపం కాదు, మనదే!" అంటూ మొగుణ్ణి గడప బయటికి నెట్టింది. చెంబు మళ్లీ నింపుకొచ్చింది.

"ఇప్పుడు రాండి. యాడి నుంచి వస్తాండారు?"

"ఈ ఊళ్లకెల్లే, మాబూ," అన్నాడు అంబర్, నవ్వుతూనే.

నిజంగా నవ్వుతున్నాడా? మాబున్ని అతని ముఖం చూడలేదు. ముందు పట్టీ చూసింది.