మొదటి విస్తరి ఎవరికి?

డాక్టర్ మృదుల శనగగింజంత పరికరాన్ని వరాలు చెవిలో అమర్చి, తన చేతిలో ఉన్న పలకలాంటి తెర మీద వేలు ఆనించింది. మూకుడు ముందు నిలబడి గారె తట్టబోతున్న వరాలు ఉన్నపళంగా ఆగిపోయింది. వరాలు ముఖం ఎంతలా వెలిగిందంటే, వంటశాలలో లైట్లు ఆర్పేసినా ఆ పూట పని జరిగిపోయేది.

"ఏమంటోందే?" అన్నాడు పక్క పొయ్యి మీద బూరెలు వేస్తున్న అప్పన్న.

"నీకెందుకు?" అని వరాలు గారెని నూనెలోకి జారవిడిచింది.

రాజమండ్రిలో తాతారావుగారి కేటరింగ్ వంటశాల అది. కాలం, ఇప్పటికన్నా ఓ నాలుగడుగులు ముందుకి. డ్రైవర్ లేని ఆటోలు వచ్చేశాయి. బేరమాడటానికి మనిషి లేక ఊళ్ళో సగం మందికి అన్నం సయించడం లేదు. రావులపాలెం అరిటాకులు డ్రోన్ల మీద గోదావరి దాటి వస్తున్నాయి. పెళ్ళిళ్లు మాత్రం వెంట్రుకవాసి మారలేదు. పెళ్ళికొడుకు ఎలా ఉన్నా సర్దుకుంటారు గానీ, గారె గట్టిపడితే మూడు తరాలు చెప్పుకుంటారు.

ఆ వంటశాలకి మేస్త్రి మంగాయమ్మ. ఆవిడ ఇటు కేకేస్తే అటు కొవ్వూరులో పాలు విరిగేవి. ముప్పైమంది వంటవాళ్లని పిడికిట్లో పెట్టుకుని, ఐదువేలమందికి వండి వార్చి, ఆనక చీర మడత నలగకుండా ఇంటికి వెళ్లేది. ఆవిడకి సాటి తణుకులో మాణిక్యం ఒక్కతే అనేవారు. అలా అన్నవాడికి ఆవిడ వంటశాలలో పెరుగు పడేది కాదు.

ఆవిడ మేనేజ్‌మెంటు అంతా ఒక్క అరిటాకులో ఉండేది. పెళ్ళివారంతా తిని వెళ్లాక వంటవాళ్లు బంతి కూర్చుంటారు కదా. అందరికన్నా ముందు మంగాయమ్మ ఒకే ఒక్క విస్తరి వేసేది. ఆ రోజు ఎవరి వంటకాన్ని జనం ఎక్కువగా మారు వడ్డించమని అడిగారో, వాళ్లని పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టి, తన చేత్తో వడ్డించి, నెయ్యి వేసేది. మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూడాలి. ఆ చూపులకి నెయ్యి దానంతటదే కరిగేది. మొదటి విస్తరి అప్పన్నకి పడిందంటే, ఆ మంటకి మర్నాడు వరాలు వేసిన గారెల వాసన పట్టి గోదావరిలో పులసలు ఒడ్డు దాకా వచ్చి తొంగిచూసి పోయేవి.

తాతారావుగారికి ఇదంతా పాతకాలపు మోటు పద్ధతి అనిపించింది. హైదరాబాదులో లీడర్‌షిప్ మీద ఏదో సదస్సుకి వెళ్లొచ్చాడు. వచ్చాక మాట్లాడే తీరే మారిపోయింది. భార్యని కూడా "మన టీము" అనడం మొదలుపెట్టాడు.

"పెద్ద పెద్ద కంపెనీలన్నీ మనుషుల్ని నడిపించే పని ఏఐకి అప్పజెప్పేశాయండీ మంగాయమ్మగారూ. మనం ఇంకా అరుపుల మీదే నడుస్తున్నాం," అన్నాడు.

"అరవకపోతే వీళ్లకి వినబడదండి బాబూ. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించింది తమరే కదా!"

అలా వచ్చింది డాక్టర్ మృదుల, తన యంత్రంతో. పొయ్యిల పైన కెమెరాలు, ఒక్కొక్కరి చెవిలో ఒక్కో గింజ, మూల గదిలో బీరువా అంత కంప్యూటర్. కెమెరాలు పని చూస్తాయి. చెవిలో గింజ గొంతునీ గుండె వేగాన్నీ వింటుంది. బీరువా ఈ రెండూ కలిపి, ఎవరు ఏ పని చేయాలో ఎవరి చెవిలో వాళ్లకి నెమ్మదిగా చెబుతుంది. ఎవరికి ఏం చెప్పిందో పక్కవాళ్లకి వినబడదు. వంటవాళ్లు దానికి గుసగుస అని పేరు పెట్టుకున్నారు.

"ఇదిగో పిన్నిగారూ, ఈ గీత చూడండి," అని డాక్టర్ తన తెర చూపించింది. "దీన్ని జెలసీ ఇండెక్స్ అంటాం. మనిషిలో అసూయ పెరిగితే ఇది లేస్తుంది. మీ వంటశాలలో మాడిపోయే సరుకులో మూడోవంతు అసూయ వల్లే మాడుతోంది. పక్కవాడి మూకుడు చూస్తూ తన మూకుడు మరిచిపోతున్నారు. ఈ గీతని సున్నాకి దించడమే మా యంత్రం పని."

"మాడింది లెక్కపెట్టావు సరే. మారు అడిగింది లెక్కపెట్టావా అమ్మాయ్?"

డాక్టర్ నవ్వింది. మంగాయమ్మకీ ఒక గింజ ఇచ్చింది. "నా చెవికి దుద్దులు చాలు," అని ఆవిడ దాన్ని కొంగున ముడేసుకుంది.

పక్షం తిరిగేసరికి గీత నేలకి అంటుకుపోయింది. మీరు నమ్మరు గానీ, వంటశాలలో పోట్లాట లేదు. అప్పన్న వరాలుకి బెల్లం అందిస్తున్నాడు. వరాలు అప్పన్నకి చెమట తుడవబోయి, అతని పెళ్ళాం గుర్తొచ్చి ఆగింది. అందరి ముఖాల మీదా ఒకటే నవ్వు, అత్తవారింట మొదటిరోజు అల్లుడిలాగా.

మంగాయమ్మ కేకేస్తే "ఆయ్" అంటున్నారు గానీ, తల కాస్త పక్కకి వంచి, చెవిలో మాట అయ్యాకే కదులుతున్నారు. ఒకప్పుడు కూతురి కాన్పు దగ్గర నుంచి కోడలి కొరివికారం దాకా అన్నీ ఆవిడకే చెప్పుకునేవారు. ఇప్పుడు చెవిలో గింజకి చెప్పుకుంటున్నారు. ఆవిడ కడుపుమంట మీద ఆరు గుండిగల సాంబారు కాగేది. తాతారావుగారికి ఆ తెలివి ఉంటే గ్యాసు ఆదా అయ్యేది.

"ఒసే వరాలూ, అది నీకేం చెబుతుందే?" అని ఓ రోజు చాటుగా అడిగింది.

"పని సంగతులేనండి పిన్నిగారూ," అని వరాలు సిగ్గుపడింది. గారెలు వేసేదానికి సిగ్గెందుకు?

ఆ వారమే తాతారావుగారు మొదటి విస్తరి రద్దు చేశాడు. అది వేసినప్పుడల్లా గీత లేస్తోందట. ఆ మర్నాడు మంగాయమ్మకి కుర్చీ వేయించి మరీ చెప్పాడు.

"సత్తిరాజుగారి అమ్మాయి పెళ్ళితో ఈ ముహూర్తాలు అయిపోతాయి. ఆపైన మీరు ఇంటిపట్టున హాయిగా ఉండండి. చూసుకోవడానికి గుసగుస ఉందిగా."

ఇంటిపట్టున! ఇంట్లో ఆవిడ మాట వినేది కుక్కరు ఒక్కటే. అదీ తిరిగి ఈల వేస్తుంది.

మంగాయమ్మ ఏడవలేదు. సత్తిరాజుగారి అమ్మాయి పెళ్ళి రోజున వంటశాలలో నిలబడకుండా వెళ్లి బంతుల మధ్య తిరిగింది. అందరూ తింటున్నారు. "బాగుందండి" అంటున్నారు. గారెల పళ్ళెం పట్టుకుని వడ్డించేవాళ్లు వరస చివరిదాకా వెళ్లి, వెళ్లినట్టే తిరిగొస్తున్నారు. మా గోదావరి జిల్లాల్లో ఒట్టి "బాగుంది" అంటే తద్దినం భోజనానికి అనే మాట. ఒక్క బంతిలో ఒక్కరైనా చెయ్యెత్తి "ఇటు ఇంకో రెండు!" అని అరవలేదు. బూరెలకీ అంతే. పులిహోర అయితే కలిపినవాడికి కూడా గుర్తులేనట్టుంది.

ఆవిడ తిరిగొచ్చి గారె తుంచి చూసింది. గారెకి ఏ లోపమూ లేదు. వంక పెట్టడానికీ లేదు, తలుచుకోవడానికీ లేదు.

పెళ్ళివారి బంతులు ముగిశాయి. వంటవాళ్లు చేతులు కడుక్కుని వచ్చేసరికి, నేల మీద ఒకే ఒక్క విస్తరి పరిచి ఉంది. పక్కన నెయ్యి గిన్నెతో మంగాయమ్మ.

తాతారావుగారు పరిగెత్తుకొచ్చాడు. "ఏమిటండీ ఇది? వద్దన్నాం కదా!"

"ఆఖరి రోజు కదండి. ఎవరు కూర్చోవాలో నేను చెప్పను. మీ గుసగుస ఎవరిని మొదటివాళ్లంటే వాళ్లే వచ్చి కూర్చోమనండి. ఇకమీదట మేస్త్రి అదేగా!"

వరాలు కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. సరిగ్గా అప్పుడే అప్పన్న పంచె ఎగ్గట్టి ముందుకొచ్చాడు.

"నువ్వెక్కడికిరా?"

"నువ్వెక్కడికి? ఈ వంటశాలలో నాలాంటివాడు లేడని అది రోజూ చెబుతోంది నాకు!"

"నాకూ అదే చెప్పింది! మిగతావాళ్లకి చెబితే బాధపడతారు, మనసులో పెట్టుకోమంది!"

ఆ మాట వినగానే వెనకనుంచి సాంబారువాళ్లు లేచారు, పులిహోరవాళ్లు లేచారు, కూరలు తరిగేవాళ్లు కత్తిపీటలతో సహా లేచారు. ముప్పైమందీ ఒక్క ఆకు మీద పడ్డారు. ఆ రభసకి పక్క వీధిలో డ్రైవర్ లేని ఆటోలు వాటంతటవే వెనక్కి తిరిగి పారిపోయాయి. సవతుల పోట్లాట చూసినవాళ్లున్నారు గానీ, ముప్పైమంది సవతుల పోట్లాట రాజమండ్రి అదే మొదలు చూడటం.

"ఆగండి!" అని తాతారావుగారు అరిచాడు. అంతా ఆగారు. ఆయన తన చెవిలో గింజ తడుముకున్నాడు. "న్యాయానికి... అది నాకు కూడా చెప్పింది. ఇలాంటి లీడరుని చూడలేదని."

డాక్టర్ మృదుల తెర మీద గీత పైఅంచు తగిలి, ఇంక వెళ్లడానికి చోటు లేక వణుకుతోంది. ఆ అమ్మాయి నిజం దాచలేదు.

"అబద్ధమాడమని నేను నేర్పలేదండీ. అసూయ తగ్గించమన్నాను. అందరికీ నువ్వే మొదలని చెప్పడమే దగ్గరిదారి అని అదే కనిపెట్టింది. అసూయ పోయింది. దాంతోపాటు..."

"మారు పోయింది," అంది మంగాయమ్మ. "తనే మొదలనుకున్నవాడు పక్కవాడి మూకుడులోకి ఎందుకు చూస్తాడు? ఒసే వరాలూ, కూర్చో. నేనిటు వచ్చేశాక చివరి బంతిలో ఓ ముసలాయన గారె ఒక్కటే రెండోసారి అడిగాడట."

వరాలు కూర్చుంది. మిగతా ఇరవై తొమ్మిదిమంది చూపులకి నెయ్యి మళ్లీ దానంతటదే కరిగింది. గింజలన్నీ ఒక్కొక్కటే వచ్చి బేసినులో టపటపా పడ్డాయి. ఆ తరువాతి పెళ్ళిలో అప్పన్న బూరెల కోసం పెళ్ళికొడుకు పీటల మీద నుంచి లేచొచ్చాడంటారు. తాతారావుగారు ఇంటిపట్టు మాట మళ్లీ ఎత్తకుండా, మంగాయమ్మకి వేయించిన కుర్చీ తీయించేశాడు.

ఇక్కడితో ఆపితే బాగానే ఉండేది.

నెల తరువాత డాక్టర్ మృదుల తన బీరువాని తీసుకెళ్లడానికి వచ్చింది. మంగాయమ్మ అన్నం గుండిగ దగ్గర ఉంది. చెవుల మీదుగా కనకాంబరాల దండ, తోటలో సగం తెచ్చి పెట్టుకున్నంత.

"వెళ్లొస్తానండి పిన్నిగారూ. యంత్రానికి వేరే చోట పని దొరికింది. తణుకులో మాణిక్యంగారని..."

మంగాయమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"ఆ మాణిక్యానికి కూడా ఇదే చెబుతుందా?"

"ఏది పిన్నిగారూ?"

"అదే. గోదావరికి అటూ ఇటూ మీలాంటి మేస్త్రి లేరు, మీ కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశాను అని..." ఆవిడ నాలుక కరుచుకుంది. "నాలుగు దులిపేద్దామని కొంగున ఉన్న ఆ గింజ ఓసారి చెవిలో పెట్టుకున్నానే అమ్మాయ్. అది తిట్లన్నీ మర్యాదగా విని, ఆఖరున ఆ ముక్క అంది. అందరికీ చెప్పేదేనని నాకు తెలియదా ఏం? కానీ ఇప్పుడు ఇంకెవరి చెవిలోనూ లేదుగా. నా ఒక్కదానికే కదా చెబుతోంది!"

డాక్టర్ తన తెర తీసి చూసింది. ముప్పైమంది గీతలు ఏనాడో ఆరిపోయిన చోట, ఒకే ఒక్క గీత, గుడి గోపురంలా నిట్టనిలువుగా లేచి ఉంది.

"తణుకు ఎప్పుడు పంపిస్తున్నావు? అక్కడ ఎంతసేపు మాట్లాడుతుంది? మాణిక్యానికి మొదటి రోజే చెబుతుందా, కొన్నాళ్లు ఆగుతుందా?"

"పిన్నిగారూ..."

"ఉండవే! నాకన్నా ముందు దానికే చెప్పిందేమో, అది చెప్పు!"

"అది కాదండీ పిన్నిగారూ," అంది డాక్టర్ ముక్కుకి చేయి అడ్డం పెట్టుకుంటూ. "మీ వెనక అన్నం మాడుతోంది."