తుడిచేసిన మెరుపు

“చెమట పట్టిందని నేనే తుడిచేశానండీ,” అన్నాడు ఫొటోగ్రాఫర్, ఏదో ఘనకార్యం చేసినవాడిలా.

మేకప్ అమ్మాయి చేతిలోని నీళ్ల సీసా జారినంత పనైంది. అరగంట కష్టపడి మోడల్ ముఖం మీదికి తెచ్చిన మెరుపంతా ఇప్పుడు అతని చేతిలోని టిష్యూకి అంటుకుని ఉంది. తను అలా వెళ్లి మంచినీళ్లు తాగొచ్చేలోగా కొంప మునిగింది.

“అది చెమట కాదు మహానుభావా, మేకప్!”

“మేకప్ అంటే మెరవకూడదు కదండీ?”

“ఎవరు చెప్పారు మీకు?”

“ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నా.”

ఆ స్టూడియో అతని మేనత్తది. ఇవాళ్టి పని ఆవిడకు నచ్చితేనే మేకప్ అమ్మాయికి ఇక్కడ ఉద్యోగం. ఆవిడ రావడానికి ఇంకా పావుగంటే ఉంది. మోడలేమో వేరే షూటింగ్ ఉందంటూ బ్యాగు భుజాన వేసుకుని చక్కా పోయింది. మేకప్ అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ.

“తప్పు నాదే. అత్తకు నేను చెబుతాను,” అన్నాడతను. ముఖం వాడిపోయింది.

“చెప్పి ఏం చూపిస్తారు? టిష్యూనా?”

అతను కాసేపు తల గోక్కుని, మోడల్ స్టూలు మీద తనే వచ్చి కూర్చున్నాడు. “నాకు వేసేయండి.”

అంత కోపంలోనూ ఆమెకు నవ్వు ఆగలేదు. పెట్టె వెతికి అతని రంగుకు సరిపడే కుషన్, అంటే ఫౌండేషన్‌లో తడిపిన మెత్త ఉండే చిన్న డబ్బా, తీసింది. మూత తెరిచి, పఫ్‌ను ఆ మెత్త మీద ఒక్కసారి నొక్కింది.

“రుద్దరా?”

“రుద్దితే చారలు పడతాయి. ఇలా మెల్లగా, పలుచగా తట్టాలి. మాట్లాడకండి.”

“ఊపిరి పీల్చుకోవచ్చా?”

“కొంచెం.”

ముందు బుగ్గలు. ముక్కు పక్కన, గడ్డం మీద పఫ్‌లో మిగిలినదానితోనే సరిపెట్టింది. బుద్ధిగా మూసుకున్న కళ్లు అతను ఎప్పుడు తెరిచాడో గానీ, చూపులు కలిశాయి. ఆమె చేయి ఆగిపోయింది. ఇందాక చంపేయాలన్నంత కోపం తెప్పించిన మనిషి ఇంతలోనే నచ్చేయడం ఆమెకే విడ్డూరంగా తోచింది.

అంతలో అత్త రానే వచ్చింది. “ఇదేంట్రా, నువ్వు కూర్చున్నావ్? మోడలేది?”

“వెళ్లిపోయిందత్తా. చెమటనుకుని తన మేకప్ నేనే తుడిచేశా. ఈ అమ్మాయి తప్పేం లేదు. పనితనం నా ముఖం మీద చూడు.”

అత్త కళ్లజోడు పెట్టుకుని, అతని గడ్డం పట్టి కిటికీ వైపు తిప్పింది. “ఏమీ వేసినట్టే లేదే. ఇప్పుడే ముఖం కడుక్కొచ్చినట్టుంది.”

మేకప్ అమ్మాయి గబుక్కున మళ్లీ పఫ్ అందుకుంది.

“నాకు కావాల్సింది అదే! రేపట్నుంచి వచ్చెయ్ అమ్మాయ్. అన్నీ బాగున్నాయి గానీ, వీడి చెవులకెందుకంత ఎరుపు పూశావ్?”

“చెవులకు నేనేం పూయలేదండీ.”

అత్త ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మెల్లగా కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకుంది. “సరే, నేను టీ తాగొస్తా. తొందరేం లేదు, నెమ్మదిగానే వస్తా. ఒరేయ్, ఈసారి దేన్నీ తుడవకు!”

తలుపు మూసుకుంది.

“చెవులకు కూడా కాస్త వేసేయండీ, పరువు పోతోంది,” గొణిగాడతను.

ఆమె కుషన్ మూత టక్కున మూసేసింది.

“వేయను. అవి అలాగే బాగున్నాయి.”